ఉచిత పి.డి.ఎఫ్.కు అనుమతి ఎవరిది? తెలుగు గ్రంథాల డిజిటల్ స్వామ్యంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు పుస్తకాలు స్కాన్ ప్రతులుగా అంతర్జాలంలో ఉచితంగా లభించడం పరిశోధనకు ఎంతో మేలు చేసింది. అయితే ఆ పంపిణీకి అనుమతి ఇవ్వగల వ్యక్తి ఎవరన్న ప్రశ్నకు తెలుగు విద్యారంగంలో తగినంత చర్చ జరగలేదు. రాతపూర్వకమైన ఒప్పందం లేని చాలా సందర్భాల్లో డిజిటల్ హక్కు రచయిత దగ్గరో, వారసుల దగ్గరో మిగిలి ఉంటుందని భారత స్వామ్యహక్కు చట్టం 1957, దాని సవరణల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. పుస్తకాన్ని ఉచితంగా ఇవ్వదలచిన రచయితకూ, ఇవ్వదలచని రచయితకూ ఉన్న మార్గాలను, పరిశోధకులు తమ సిద్ధాంతగ్రంథాల విషయంలో గమనించవలసిన అంశాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: స్వామ్యహక్కు, డిజిటల్ ప్రతి, హక్కుల బదలాయింపు, క్రియేటివ్ కామన్స్, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, శోధ్‌గంగ.

ఉపోద్ఘాతం

తెలుగులో ఒక విమర్శగ్రంథమో, కవితాసంపుటమో వెలువడితే సాధారణంగా 500 ప్రతులో 1000 ప్రతులో అచ్చవుతాయి. అవి చెల్లిపోయిన తరువాత పునర్ముద్రణకు నోచుకొనేవి తక్కువ. పదేళ్ళు గడిచాక ఆ పుస్తకం అవసరమైన పరిశోధకునికి మిగిలేవి రెండే దారులు: ఏదో ఒక గ్రంథాలయపు బీరువా, లేదా చేతులు మారుతూ వచ్చిన స్కాన్ ప్రతి. రెండవ దారి సులువైనది. టెలిగ్రామ్ సమూహంలో అడిగితే సాయంత్రానికల్లా పుస్తకం చేతికందుతుంది. లోపలి పేజీ మీద ఏదో కళాశాల గ్రంథాలయపు ముద్ర, దాని పక్కనే "సర్వహక్కులు రచయితవి" అన్న వాక్యం కలిసి కనిపిస్తాయి. మొదటిది చూసేవారు ఉంటారు గాని రెండవది చదివేవారు అరుదు.

ఈ పరిస్థితిని గురించి మాట్లాడేటప్పుడు మూడు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోతున్నాయి. పుస్తకం అందుబాటులో ఉందా అన్నది ఒక ప్రశ్న. అది ఉచితంగా లభిస్తున్నదా అన్నది రెండవది. అలా లభించడానికి రచయిత సమ్మతించాడా అన్నది మూడవది. అమ్మకంలో లేని పుస్తకాన్ని పంచితే తప్పేమిటని వాదించేవారు మొదటి ప్రశ్నకు చెప్పిన సమాధానాన్నే మూడవదానికీ సరిపెడుతున్నారు. ఉచిత పంపిణీని దొంగతనమని నిందించేవారు, తమ పుస్తకం పదిమందికీ ఉచితంగా చేరాలని కోరుకొనే రచయితలు ఎందరో ఉన్నారన్న సంగతిని మరచిపోతున్నారు. ఈ వ్యాసం మూడవ ప్రశ్నకే పరిమితమవుతుంది.

'సర్వస్వామ్యసంకలితము' అన్న మాటకు అర్థం

పాత తెలుగు గ్రంథాల ముఖపత్రాల మీద 'సర్వస్వామ్యసంకలితము' అన్న సమాసం తరచు కనిపిస్తుంది. అప్పటికే ఈ దేశంలో 1847 నాటి చట్టం, ఆ తరువాత 1914 నాటి చట్టం అమలులో ఉండేవి. స్వతంత్ర భారతదేశపు చట్టం 1957లో వచ్చింది. ఆ సమాసం ముద్రించినా ముద్రించకపోయినా, పుస్తకాన్ని రిజిస్టరు చేయించినా చేయించకపోయినా, రచన పుట్టిన క్షణం నుండి హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ వివాదం వచ్చినప్పుడు పనికివచ్చే సాక్ష్యం మాత్రమే.

1957 చట్టంలోని 14వ సెక్షన్ రచయితకు మాత్రమే చెందే పనులను పేర్కొంటుంది. రచనను ఏ భౌతికరూపంలోనైనా పునరుత్పత్తి చేయడం వాటిలో మొదటిది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో నిల్వ చేయడం కూడా అందులోనే చేరుతుందని చట్టం విడమరచి చెప్పింది. ప్రతులను ప్రజలకు విడుదల చేయడం, రచనను ప్రజలకు అందుబాటులోకి తేవడం, అనువదించడం, అనుసరణ చేయడం మిగిలినవాటిలో ముఖ్యమైనవి. కాబట్టి పుస్తకాన్ని స్కాన్ చేయడం ఒక పని, దానిని అంతర్జాలంలో పెట్టడం మరొక పని. రెండింటికీ అనుమతి కావాలి.

డబ్బు తీసుకోలేదు గనుక తప్పు లేదన్న వాదనకు చట్టంలో ఆధారం లేదు. తెలిసి హక్కును ఉల్లంఘించడాన్ని 63వ సెక్షన్ నేరంగా పరిగణించి, 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలుశిక్షను, 50,000 రూపాయల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాను విధిస్తుంది. వ్యాపారలాభం కోసం చేయని సందర్భంలో, తగిన కారణాలు తీర్పులో చూపి, కనీసశిక్షను తగ్గించే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. ఉచితమైనందువల్ల తగ్గేది శిక్ష మాత్రమే, ఉల్లంఘన ఉల్లంఘనగానే మిగులుతుంది.

హక్కు శాశ్వతం కాదు. రచయిత మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత 60 సంవత్సరాలకు రచన పబ్లిక్ డొమైన్‌లోకి వస్తుంది. ఈ గడువు 1992 వరకు 50 సంవత్సరాలే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై విశ్వభారతి హక్కు ముగిసిపోతున్న సమయంలో దానిని 60కి పెంచారు. ఈ లెక్క ప్రకారం శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (మరణం 1961) రచనలు 2022 జనవరి 1 నుండి, మల్లంపల్లి సోమశేఖరశర్మ (మరణం 1963) రచనలు 2024 జనవరి 1 నుండి ఎవరైనా ప్రచురించుకోదగినవి. జాషువ (1971) రచనలకు 2031 చివరి దాకా, విశ్వనాథ సత్యనారాయణ (1976) రచనలకు 2036 చివరి దాకా, చలం (1979) రచనలకు 2039 చివరి దాకా, శ్రీశ్రీ (1983) రచనలకు 2043 చివరి దాకా హక్కు ఉంటుంది. తెలుగు విభాగాల పాఠ్యప్రణాళికల్లో ఆధునికసాహిత్యంగా చెలామణి అవుతున్నదానిలో పెద్దభాగం ఇంకా హక్కుల పరిధిలోనే ఉన్నదని ఈ సంవత్సరాలు చెబుతున్నాయి.

అనువాదాల విషయంలో ఈ లెక్క మరింత జాగ్రత్తగా వేయాలి. శరత్‌చంద్ర చటోపాధ్యాయ 1938లో మరణించారు. ఆయన బెంగాలీ మూలాలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. కాని వాటిని తెలుగు పాఠకులకు చేరువ చేసిన చక్రపాణి 1975లో మరణించారు. మూలం స్వేచ్ఛగా ఉన్నంతమాత్రాన ఆయన అనువాదం స్వేచ్ఛ కాదు, అది 2035 చివరి దాకా రక్షణలో ఉంటుంది. ప్రబంధానికి ఇరవయ్యవ శతాబ్దంలో వెలువడిన వ్యాఖ్యానాలు, పీఠికలు కూడా ఇలాంటివే. పద్యం పెద్దనదైనా, దాని కింద ఉన్న టీకాతాత్పర్యాలు మరొకరివి.

డిజిటల్ హక్కు ఎవరి దగ్గర ఉంది?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. అనుమతి తీసుకోవాలని నిశ్చయించుకొన్న పరిశోధకుడు సాధారణంగా ముందుగా ప్రచురణకర్తను సంప్రదిస్తాడు. ప్రచురణకర్త సరేనన్నా, కాదన్నా ఆ మాటకు చట్టంలో విలువ ఉండాలంటే డిజిటల్ హక్కు అతని దగ్గర ఉండాలి. తెలుగు ప్రచురణరంగపు అలవాట్లను బట్టి చూస్తే అది అతని దగ్గర లేని సందర్భాలే ఎక్కువగా ఉంటాయనుకోవలసి వస్తుంది.

తెలుగు పుస్తకాలు చాలావరకు మూడు రకాలుగా వెలువడుతున్నాయి. రచయిత తన ఖర్చుతో అచ్చువేసి, పంపిణీ మాత్రం పుస్తకవిక్రయశాలలకు అప్పగించడం ఒక పద్ధతి. ప్రచురణసంస్థ ఖర్చు భరించి, రచయితకు కొంత పైకమో కొన్ని ప్రతులో ఇవ్వడం రెండవది. సాహిత్యసంస్థలు, అభిమానులు, కుటుంబసభ్యులు పూనుకొని వేయడం మూడవది. మొదటి పద్ధతిలో హక్కు పూర్తిగా రచయితదే. మిగిలిన రెండింటిలో ఏం జరిగిందో తేల్చవలసింది ఒప్పందపత్రం. ఆ పత్రం చాలాసార్లు ఉండదు. పరస్పర గౌరవం, నోటిమాట మాత్రమే ఉంటాయి.

చట్టం నోటిమాటను హక్కుల బదలాయింపుగా అంగీకరించదు. 19వ సెక్షన్ ప్రకారం బదలాయింపు రాతపూర్వకంగా, హక్కుదారుని సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. 1994 సవరణ దీనికి మరికొన్ని నియమాలు జోడించింది. ఒప్పందంలో ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి స్పష్టంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశంగానూ భావిస్తారు. బదలాయించిన హక్కును సంవత్సరంలోగా వినియోగించకపోతే, ఒప్పందంలో వేరుగా చెప్పనప్పుడు, ఆ హక్కు రద్దయినట్లే. ఈ నియమాలు ఆ సవరణ అమలులోకి రాకముందు కుదిరిన ఒప్పందాలకు వర్తించవని అదే సెక్షన్‌లో ఉంది. పాత పత్రాలను చదివేటప్పుడు తేదీ చూడటం తప్పనిసరి.

2012 సవరణ 18వ సెక్షన్‌కు చేర్చిన నియమం డిజిటల్ ప్రతులకు సూటిగా సంబంధించినది. ఒప్పందం జరిగిన నాటికి లేని, లేదా వాణిజ్యపరంగా వాడుకలో లేని మాధ్యమానికి ఆ బదలాయింపు వర్తించదు. వర్తించాలంటే ఆ మాధ్యమాన్ని ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొని ఉండాలి. 2012కు ముందు కుదిరిన ఒప్పందాలకు ఈ నియమాన్ని ఎంతవరకు అన్వయించవచ్చునన్నది వాదానికి తావున్న అంశమే. అయినా 1970లో "ముద్రణహక్కు" అని మాత్రమే రాసిన పత్రం 2020లో ఈ-పుస్తకం వేసే హక్కును ఇచ్చిందని వాదించడం కష్టం. అమెరికాలో ఇదే ప్రశ్న 2001లో వచ్చింది. పాత ఒప్పందాల్లో "పుస్తకరూపంలో" ప్రచురించే హక్కు తమకు ఉంది గనుక ఈ-పుస్తకపు హక్కు కూడా తమదేనని రాండమ్ హౌస్ వాదించగా, రోజెట్టా బుక్స్‌కు వ్యతిరేకంగా ఆ సంస్థ కోరిన తాత్కాలిక నిషేధాన్ని న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం నిరాకరించింది. పుస్తకరూపం అన్న మాటలో ఈ-పుస్తకం ఇమడదని ఆ న్యాయస్థానం అభిప్రాయం. అది పరదేశపు తీర్పు గనుక ఇక్కడి న్యాయస్థానాలకు శిరోధార్యం కాదు, కాని వాదనాక్రమం ఉపయోగపడుతుంది.

ధారావాహికల సంగతి దీనికి అనుబంధం. తెలుగు నవల ఒక తరం పాటు వారపత్రికల్లోనూ, మాసపత్రికల్లోనూ పెరిగింది. పత్రికలో ఉద్యోగి కాని రచయిత తన నవలను ధారావాహికగా ఇచ్చినప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికకు దక్కేది ఆ ప్రచురణ వరకే. పత్రికలో ఉద్యోగిగా రాసినవారి విషయంలో కూడా 17వ సెక్షన్ యజమాని హక్కును పత్రికాప్రచురణకు సంబంధించినంత వరకే పరిమితం చేసి, మిగిలినదాన్ని రచయితకు ఉంచింది. పాత సంచికలను డిజిటల్ భాండాగారంగా పెట్టే సంస్థలు ఈ తేడాను గమనించాలి. 2001లోనే న్యూయార్క్ టైమ్స్ – టాసిని వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, స్వతంత్ర రచయితల వ్యాసాలను వారి అనుమతి లేకుండా డేటాబేసుల్లో చేర్చడం చెల్లదని 7–2 మెజారిటీతో తీర్పు ఇచ్చింది.

దీని ఫలితం స్పష్టమే. తన పుస్తకానికి డిజిటల్ హక్కు ప్రచురణకర్తదేనని నమ్ముతున్న తెలుగు రచయితల్లో ఎక్కువమంది దగ్గరే ఆ హక్కు ఉండటానికి అవకాశం ఉంది. తెలియని హక్కు లేని హక్కుతో సమానం కాబట్టి, ఉచితంగా ఇవ్వాలనుకొన్న రచయిత ప్రచురణకర్త సమ్మతి కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. వద్దనుకొన్న రచయిత తన తరఫున ప్రచురణకర్త ఫిర్యాదు చేస్తాడని ఊరుకుంటాడు. రచయిత మరణిస్తే హక్కు వారసులకు ఉమ్మడిగా సంక్రమిస్తుంది. ఒక కుమారుడు హైదరాబాదులో, మరొక కుమార్తె అమెరికాలో ఉన్న కుటుంబంలో ఒకరి మాట మీద అందరి హక్కునూ వదులుకొన్నట్లు భావించడానికి వీలులేదు.

డిజిటల్ లైబ్రరీ మిగిల్చిన ప్రశ్న

ఉచిత స్కాన్ ప్రతుల చరిత్రలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాది పెద్ద అధ్యాయం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన రాజ్‌రెడ్డి ఆలోచనతో మొదలైన పది లక్షల పుస్తకాల ప్రణాళికలో ఇది భారతీయ భాగం. బెంగళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ, హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. ఇందులో ప్రధానపాత్ర వహించాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం వంటి చోట్ల ఉన్న తెలుగు పుస్తకాలు స్కానింగు యంత్రాలకెక్కాయి. ఆ వేదిక మూతపడిన తరువాత, కార్ల్ మలమూద్ చొరవతో ఆ పుస్తకాల్లో పెద్దభాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరింది.

గత రెండు దశాబ్దాల తెలుగు పరిశోధన ఈ ప్రతులకు ఎంతగానో ఋణపడి ఉంది. జిల్లాకేంద్రంలోని పరిశోధకునికి హైదరాబాదు, చెన్నై ప్రయాణాలు తప్పాయి. ఒకే పుస్తకం పేరును రోమన్ లిపిలో పదిరకాల తప్పులతో రాసి వెతికే విద్యలో ఒక తరం పరిశోధకులు ఆరితేరారు. అయితే స్కాన్ అయినవాటిలో పబ్లిక్ డొమైన్ గ్రంథాలతో పాటు హక్కులున్నవి కూడా కలిసిపోయాయి. ప్రచురణసంవత్సరం తప్పుగా నమోదైన చోట, రచయిత మరణసంవత్సరం తెలియని చోట ఈ కలయిక అనివార్యమైంది. జరిగిన మేలు నిజమే, అడగకపోవడమూ నిజమే. ఒకదానితో మరొకదానిని కొట్టివేయడం కుదరదు.

గ్రంథాలయాలకు చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. తన దగ్గర ముద్రితప్రతి ఉన్న రచనను వాణిజ్యేతర ప్రజాగ్రంథాలయం పరిరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చునని 52వ సెక్షన్ చెబుతుంది. భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి గ్రంథాలయ వినియోగం కోసం మూడుకు మించకుండా ప్రతులు చేసుకొనే వీలు కూడా ఉంది. ఈ రెండూ పరిరక్షణకూ, గ్రంథాలయంలో చదువుకోవడానికీ ఉద్దేశించినవి. ప్రపంచమంతటికీ తెరచి పెట్టడానికి అనుమతులు కావు.

హక్కుదారు ఎవరో తెలియని, లేదా జాడ దొరకని పుస్తకాలకు 31ఎ సెక్షన్ ఒక మార్గం చూపుతుంది. ప్రచురించదలచినవారు తమ ప్రతిపాదనను దేశవ్యాప్త ప్రచారమున్న ఆంగ్ల దినపత్రికలో ప్రకటించాలి. అనువాదం ప్రచురించదలిస్తే ఆ భాషా దినపత్రికలో కూడా. తరువాత లైసెన్సుకు దరఖాస్తు చేసి, నిర్ణయించిన రాయల్టీని జమచేయాలి. 200 రూపాయల వెల ఉన్న పుస్తకానికి, అదీ ఉచితంగా పెట్టదలచినదానికి, ఇంత ఖర్చు ఎవరు భరిస్తారన్నది సహజమైన సందేహం. చట్టం దారి వేసింది గాని చిన్నభాషల పుస్తకాలు ఆ దారిన నడవలేవు.

కొన్న ప్రతిని స్కాన్ చేసి, ఒకేసారి ఒకరికి మాత్రమే 'అరువు' ఇచ్చే పద్ధతి మరొక మార్గంగా కొంతకాలం కనిపించింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ దానిని అనుసరించింది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా గ్రంథాలయాలు మూతపడినప్పుడు ఒకరికి ఒక ప్రతి అన్న పరిమితిని కూడా ఎత్తివేసింది. హషెట్ సహా నాలుగు ప్రచురణసంస్థలు జూన్‌లో దావా వేశాయి. 2023 మార్చిలో న్యూయార్క్ జిల్లా న్యాయస్థానం, 2024 సెప్టెంబరులో అప్పీలు న్యాయస్థానం ప్రచురణకర్తల పక్షాన తీర్పు ఇచ్చాయి. ఇక్కడ గమనించదగిన విషయం, వాది స్థానంలో ఉన్నది ప్రచురణకర్తలు. తెలుగులో అలాంటి దావా వేయగల స్థోమత ఏ రచయితకు ఉంటుంది?

ఇవ్వదలచిన రచయిత

హక్కు ఉండటమంటే అడ్డుపడటమే అని అర్థం కాదు. ఇచ్చివేయడం కూడా హక్కును వినియోగించడమే. టాల్‌స్టాయ్ 1881 తరువాతి తన రచనలను ఎవరైనా ప్రచురించుకోవచ్చునని 1891లో పత్రికాముఖంగా ప్రకటించారు. గాంధీజీ 'హింద్ స్వరాజ్' ఆంగ్లప్రతిని 1910లో హక్కులేవీ ఉంచుకోలేదన్న ప్రకటనతో వెలువరించారు. అదే గాంధీజీ తరువాత 1940లో తన రచనల హక్కులను నవజీవన్ ట్రస్టుకు వీలునామా ద్వారా అప్పగించారు. ఇది మొదటి వైఖరికి విరుద్ధంగా కనిపించినా, రెండు సందర్భాల్లోనూ నిర్ణయం రచయితదే. 2008 చివరికి ఆ హక్కు ముగిసినప్పుడు పొడిగింపు కోసం ట్రస్టు ప్రయత్నించలేదు.

దక్షిణాదిలో తమిళుల అనుభవం ప్రత్యేకమైనది. 1921లో మరణించిన సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను 1949లో మద్రాసు ప్రభుత్వం తీసుకొని, కొన్నేళ్ళకు ప్రజలపరం చేసింది. 1949లో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ ప్రభుత్వం కిందనే ఉన్నాయి. ఆ పద్ధతి తమిళనాడులో ఒక సంప్రదాయమై నిలిచింది. కల్కి సహా ఎందరో రచయితల కృతులను ప్రభుత్వం జాతీయం చేసి, వారసులకు ప్రతిఫలం చెల్లించింది. వాటిని ఎవరైనా ఉచితంగా పంచవచ్చు, ఎవరైనా అచ్చువేసి అమ్మవచ్చు. రచయిత కుటుంబానికి గౌరవం దక్కింది, పాఠకునికి పుస్తకం దక్కింది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సంప్రదాయం ఏర్పడకపోవడం లోటే.

ప్రభుత్వం కోసం ఎదురుచూడనవసరం లేని మార్గాలు కూడా ఉన్నాయి. 21వ సెక్షన్ ప్రకారం రచయిత తన హక్కులన్నింటినీ, లేదా కొన్నింటిని వదులుకోవచ్చు. అందుకు స్వామ్యహక్కుల రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వాలి, లేదా, 2012 సవరణ తరువాత, బహిరంగ ప్రకటన చేయాలి. హక్కును తన దగ్గరే ఉంచుకొని వాడుకకు మాత్రం అనుమతి ఇవ్వదలిస్తే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉపయోగపడతాయి. వీటిలో రచయిత ఎంపిక చేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి: వ్యాపారవినియోగానికి అనుమతి ఉందా, మార్పులు చేయవచ్చునా, మార్చిన ప్రతిని కూడా అదే షరతులతో విడుదల చేయాలా. రచయిత పేరు చెప్పాలన్నది ఆ ఆరు లైసెన్సులన్నింటిలోనూ తప్పనిసరి. తెలుగు వికీసోర్స్‌లో హక్కులున్న పుస్తకాన్ని చేర్చాలంటే వ్యాపారవినియోగాన్నీ, మార్పులనూ అనుమతించే లైసెన్సే కావాలి. "ఉచితంగా చదువుకోండి, కాని అమ్మవద్దు" అన్న రచయిత పుస్తకం అక్కడ ఇమడదు, వేరేచోట పెట్టుకోవాలి.

ఈ లైసెన్సులను ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేరు. రచయిత తన చోటు నుండి ఫైలును తొలగించవచ్చు గాని, అప్పటికే పొందినవారికి ఉన్న అనుమతి పోదు. అందువల్ల కఠినమైన షరతులతో మొదలుపెట్టి క్రమంగా సడలించడం వివేకం. కెనడా రచయిత కోరీ డాక్టరో తన తొలినవలను 2003 జనవరిలో ముద్రణతో పాటే ఉచితంగా అంతర్జాలంలో పెట్టినప్పుడు వ్యాపారానికీ మార్పులకూ అవకాశం లేని లైసెన్సు ఎంచుకొన్నారు. మరుసటి ఏడాది అనుసరణలకు వీలిచ్చే లైసెన్సుకు మారారు. ఎదురుదిశలో మారడం ఎవరికీ సాధ్యం కాదు.

హక్కును బదలాయించినా రచయితకు మిగిలే హక్కులు కొన్ని ఉన్నాయి. 57వ సెక్షన్ ప్రకారం రచన తనదని చెప్పుకోవడం, తన ప్రతిష్ఠకు భంగం కలిగించే వక్రీకరణను ఆపడం ఎప్పటికీ రచయిత చేతిలోనే ఉంటాయి. ముఖపత్రం తొలగించి, పీఠిక కత్తిరించి, పంచినవారి పేరును ప్రతి పేజీ మీదా ముద్రించిన స్కాన్ ప్రతులను చూసినవారికి ఈ సెక్షన్ ప్రయోజనం వేరే చెప్పనక్కరలేదు.

ఇవ్వదలచని రచయిత

అనుమతి లేకుండా పుస్తకం కనిపించినప్పుడు రచయిత మొదట చేయగలిగింది ఆ వేదికకు రాతపూర్వకమైన ఫిర్యాదు. 2013 నాటి స్వామ్యహక్కు నియమావళిలోని 75వ నియమం ప్రకారం ఫిర్యాదులో రచన వివరాలు, దానిపై తనకున్న హక్కు, ఉల్లంఘన జరిగిన చోటు ఉండాలి. వేదిక 36 గంటల్లో చర్య తీసుకొని 21 రోజులు ప్రతిని నిలిపివేయాలి. ఆలోపు న్యాయస్థానపు ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవవచ్చు. ఈ 21 రోజుల నియమమే సామాన్య రచయితకు గుదిబండ. ఉత్తర్వు తేవడమంటే న్యాయవాదిని పెట్టుకోవడం.

మూసిన సమూహాల్లో పంచినవారి పేర్లు తెలియవు. ఈ విషయంలో ఢిల్లీ హైకోర్టు 2022 ఆగస్టు 30న ఇచ్చిన ఉత్తర్వు ముఖ్యమైనది. పోటీపరీక్షల పుస్తకాల రచయిత్రి నీతూ సింగ్ తన పుస్తకాలను, పాఠాలను టెలిగ్రామ్ ఛానళ్ళలో అనుమతి లేకుండా పంచుతున్నారని దావా వేశారు. సర్వర్లు సింగపూర్‌లో ఉన్నాయి గనుక వివరాలు ఇవ్వలేమన్న టెలిగ్రామ్ వాదనను తోసిపుచ్చి, ఆ ఛానళ్ళను నడిపేవారి ఫోను నంబర్లు మొదలైన వివరాలు సమర్పించమని న్యాయస్థానం ఆదేశించింది. మూసిన సమూహం చట్టానికి కనిపించని చోటు కాదని దీనితో తేలింది. అయినా పుస్తకాల వ్యాపారమే వృత్తిగా ఉన్న రచయిత్రికి సాధ్యమైనది, 500 ప్రతులు వేసుకొన్న కవికి సాధ్యమవుతుందనుకోలేం.

అధ్యాపకులూ పరిశోధకులూ

తరగతిగది అవసరాలకు చట్టం ఉదారంగా ఉంది. బోధనక్రమంలో అధ్యాపకుడో విద్యార్థో చేసుకొనే పునరుత్పత్తి ఉల్లంఘన కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణంపై మూడు విదేశీ ప్రచురణసంస్థలు 2012లో వేసిన దావాలో, పాఠ్యసంపుటాలకోసం పుస్తకభాగాలను నకలు తీయడం బోధన అవసరాల మేరకు సమ్మతమేనని ఢిల్లీ హైకోర్టు 2016లో తేల్చింది. దావాను ఉపసంహరించుకొమ్మని ప్రచురణకర్తలను కోరిన విద్యావేత్తల్లో అమర్త్య సేన్ ఒకరు. రచయిత ఇష్టమూ ప్రచురణకర్త ఇష్టమూ ఎప్పుడూ ఒకటి కావనడానికి ఇది మంచి ఉదాహరణ. కాని ఈ తీర్పును మొత్తం పుస్తకాన్ని వందలమంది ఉన్న సమూహంలో పెట్టడానికి ఆధారంగా చూపడం పొరపాటు. పరిశోధనతో సహా వ్యక్తిగత వినియోగానికి ఉన్న మినహాయింపు కూడా చదువుకొనే వ్యక్తికి చెందినది, పంచే వ్యక్తికి కాదు.

సిద్ధాంతగ్రంథాల విషయంలో పరిశోధకుడు తానే రచయిత. యు.జి.సి. 2009 నిబంధనలు మొదలుకొని పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథపు ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు సమర్పించాలి. అది శోధ్‌గంగలో అందరికీ అందుబాటులోకి వస్తుంది. అక్కడి గ్రంథాలు వ్యాపారవినియోగానికి వీలివ్వని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. అంటే సిద్ధాంతగ్రంథాన్ని తరువాత పుస్తకంగా వేసి అమ్ముకొనే హక్కు పరిశోధకుని దగ్గరే ఉంది. దానిని ఎత్తి వ్యాపారం చేసే హక్కు మరొకరికి లేదు. పుస్తకంగా వేసే ప్రచురణకర్త ఒప్పందంలో "సర్వహక్కులూ" అని రాయించుకొంటే, శోధ్‌గంగలో ఇప్పటికే ఉన్న ప్రతి సంగతిని ఆ పత్రంలోనే పేర్కొనడం అవసరం.

చిక్కంతా అనుబంధాల్లో ఉంది. తెలుగు సిద్ధాంతగ్రంథాల చివర కవి అముద్రిత కవితలు, ఉత్తరాలు, ముఖాముఖి పాఠం, ఛాయాచిత్రాలు చేర్చడం ఆనవాయితీ. కవి ఆప్యాయంగా ఇచ్చినవే అవన్నీ. కాని ఆయన ఇచ్చింది పరిశోధన కోసం, టైపుచేసి బైండు చేసిన నాలుగైదు ప్రతుల కోసం. ఆ గ్రంథమే అంతర్జాలంలో చేరినప్పుడు అముద్రిత కవిత లోకానికంతటికీ ప్రకటితమైపోతుంది, కవి దానిని తన తరువాతి సంపుటిలో వేసుకోకముందే. విమర్శకోసం పంక్తులు ఉదాహరించడానికి అనుమతి అవసరం లేదు. పూర్తి కవితను అనుబంధంగా ఇవ్వడం విమర్శ కిందికి రాదు. అందువల్ల ముఖాముఖి రోజునే ఒక పేజీ పత్రం రాయించుకోవడం మంచిది. ఏ రచన, ఏ రూపంలో, అంతర్జాలంలో ఉంచడానికి సమ్మతి ఉందా, ఉంటే ఎప్పటి నుండి, ఎవరి పేరుతో అన్నవి అందులో ఉండాలి. కవి లేనప్పుడు వారసులందరూ, అనువాదమైతే అనువాదకుడూ, ఛాయాచిత్రమైతే దానిని తీసినవారూ ఆ పత్రం మీద సంతకం చేయవలసినవారే.